వెనక్కాళ్ళ ఇల్లు

ఆ వీధిలో బొమ్మలు లేని మేడ లేదు. వెనకటి వర్తకులు సంపాదించిందంతా గోడలకే పూశారా అన్నట్టు, వీధిగుమ్మం నుంచి మిద్దె పిట్టగోడ దాకా ఏదో ఒకటి గీయించి పెట్టారు. ఓడలు, బండ్ల వరుసలు, టోపీల పరదేశులు, పొగ వదులుతున్న రైలింజను. ఆ ఇంజను గీసినవాడు రైలును కళ్ళారా చూసి ఉండడు. దానికి కళ్ళెం కూడా పెట్టాడు. ఇప్పుడు ఆ మేడల్లో ఒకటి ఎరువుల గోదాము, ఒకటి బ్యాంకు, ఇంకోటి ట్యూషన్ సెంటరు. ఒక పరదేశి కంట్లో మేకు దిగ్గొట్టి కరెంటు మీటరు తగిలించారు. ఓడ తెరచాప మీద 'నోటీసులు అంటించరాదు' అని రాసి, దాని మీదే నోటీసులు అంటించారు.

వీధి మలుపులో ఉన్న మేడకు పేర్లు రెండు. ఎడమ గుమ్మం తలకాయ ఇల్లు, కుడి గుమ్మం వెనక్కాళ్ళ ఇల్లు. పోస్టుమ్యాను కూడా అలాగే అంటాడు. లోపల పెద్ద హాలుంది. దాని పొడుగుగోడ నిండా, దూరదేశం వెళ్ళిన వర్తకుడు గుర్రమెక్కి ఇంటికి తిరిగొస్తున్న బొమ్మ. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు హాలుకు సరిగ్గా నడుమన అడ్డంగా గోడ కట్టారు. ఒకరి దగ్గు ఇంకొకరికి వినిపించకూడదని మందంగా కట్టారు. ఆ గోడ గుర్రం నడుం మీద పడింది. గుర్రం తలా ముందుకాళ్ళూ అన్నగారి వాటాకు వచ్చాయి, తోకా వెనక్కాళ్ళూ తమ్ముడి వాటాకు వచ్చాయి. గుర్రం మీద కూర్చున్న పెద్దమనిషి ఎవరి వాటాకూ రాకుండా గోడలో ఉండిపోయాడు.

తమ్ముడి భార్యను వీధంతా చిన్నావిడ అంటుంది. యాభై దాటినా చిన్నావిడే. వెనక్కాళ్ళకు ఎదురుగా మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కాలరు తిప్పేటప్పుడు మూలలో గుడ్డ ముడుచుకోకుండా కత్తెర మొనతో లోపలినుంచి మెల్లగా పొడిచి, గోటితో గీసి, అప్పుడుగాని పైకుట్టు వేయదు. "వాళ్ళు వేసుకునేది మట్టిలో దొర్లడానికి. ఆ కాలరు మూల ఎవడు చూస్తాడు?" అంటే, "నేను చూస్తాను" అంటుంది.

శనివారం శనివారం మేడలు చూడ్డానికి జనం వస్తారు. వాళ్ళను వెంటబెట్టుకు తిరిగే మనిషిని అందరూ మైకు అంటారు. అంత గొంతున్నవాడికి మైకుతో పని లేదని ఆ పేరు. వీధి ఆ చివర మొదలుపెట్టి, ఒక్కో మేడా చూపిస్తూ, తలకాయ ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. చిన్నావిడ కాలు మిషను మీద ఉన్నా చెవి అటే ఉంటుంది. పక్క కిటికీలోంచి నవ్వులు వినిపిస్తాయి, "అబ్బా!" అనడాలు వినిపిస్తాయి. ఎంతకీ తెమలరు. ఆ తరవాత ఈ గుమ్మంలోకి వస్తారు. వచ్చి, చెప్పులు విప్పి మళ్ళీ తొడుక్కునేంత సేపు ఉంటారు.

ఆ శనివారమూ అంతే జరిగింది.

"ఇది మిగతా సగం అండీ. ఇది తోక, ఇవి వెనక్కాళ్ళు. ఫొటోలు తీసుకునేవాళ్ళు తీసుకోండి. బస్సు రెడీగా ఉంది."

"అంతేనా?" అంది ఒకామె.

"గుర్రానికి వెనక ఇంకేముంటుందండీ?" అన్నాడు మైకు. అందరూ నవ్వారు.

చిన్నావిడకు ఒళ్ళు మండింది. వెనక ఏముండదు? బరువుకు ఒరిగిపోతున్న బండ్లున్నాయి. చక్రం కింద రాయి పెడుతున్న ముసలాడున్నాడు. ఒక కూలీ మూట దించి, రోడ్డు మీదే కూర్చుని, కాలిలో ముల్లు తీసుకుంటున్నాడు. నొప్పికి నాలిక కొస పళ్ళ మధ్య బిగబట్టాడు. ఆ నాలిక కొసను చూడాలంటే దగ్గరికి వెళ్ళి చూడాలి. ఎవరు చూస్తారు? అందరికీ తలకాయ కావాలి. తోడికోడలు పెద్దావిడ అక్కడ ఇంతసేపు ఊకదంపుడు ఉపన్యాసం చెప్పి కూర్చోబెడితే, ఇక్కడికి వచ్చేసరికి జనానికి కాళ్ళు పీకుతుంటాయి.

ఈ మాట పైకి అనేద్దామని చిన్నావిడ లేచింది. సరిగ్గా అప్పుడే తోక మొదట్లో గచ్చు చిటుక్కుమంది. చూస్తుండగానే అరచేయంత పెచ్చు ఊడి, ఫొటో తీస్తున్న ఆమె కాళ్ళ దగ్గర పడి ముక్కలైంది.

జనం వెనక్కి జరిగారు. చిన్నావిడ బల్లమీది కొత్త తెల్లగుడ్డ తీసి నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కలు ఒక్కొక్కటే ఏరి దాని మీద పెట్టసాగింది. రంగున్న వైపు పైకి వచ్చేలా పెట్టింది.

రెండో రోజు మైకు ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. బ్యాంకు మేడ ముందుగోడ మీద బొమ్మలు బాగుచెయ్యడానికి వచ్చిన పిల్ల. వీధిలో రంగులమ్మాయి అంటారు. ఆ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి, గోడ దగ్గరికి వెళ్ళి, డాక్టరు వీపు మీద తట్టినట్టు వేలి కణుపుతో తట్టుకుంటూ చెవి పెట్టి వింది. కొన్నిచోట్ల గట్టిగా పలికింది, కొన్నిచోట్ల డొల్లగా పలికింది. అడ్డుగోడకు దగ్గరయ్యేకొద్దీ డొల్ల ఎక్కువైంది. ఉప్పు పూసినట్టున్న తెల్లటి పొడిని వేలితో తీసి చూపించింది.

"ఇదండీ దీని జబ్బు. అసలు గోడ సున్నంది. తడెక్కినా బయటికి వదిలేస్తుంది. ఈ అడ్డుగోడ సిమెంటుది, వదలదు. నేలలో తడంతా పీల్చి ఈ పక్కకీ ఆ పక్కకీ తోస్తోంది. గోడ అవతల గుర్రం మెడ దగ్గరా ఇలాగే ఉబ్బింది, ఇప్పుడే చూసొచ్చాను."

"మందేమన్నా ఉందా?"

"ఊడినవి అతికిస్తాను. డొల్ల ఉన్నచోట సూదితో సున్నం ఎక్కిస్తాను. కానీ ఈ గోడ ఉన్నంతకాలం అది నీళ్ళలో పోసినట్టే. గోడ తియ్యాలి."

కూర తరిగిన కత్తిపీట తియ్యమన్నంత తేలిగ్గా అంది.

ఆ గోడ కట్టించిన అన్నదమ్ములిద్దరూ పోయారు. గోడ ఉంది. నిజానికి తోడికోడళ్ళిద్దరికీ ఒక్క మాట పట్టింపు లేదు. మొగుళ్ళు మానేశారు గనక వీళ్ళూ మానేశారు. ఒకరి ఇంట్లో చావుకు ఇంకొకరు వచ్చి, గుమ్మం పక్కన నిలబడి ఏడ్చి వెళ్ళారు. తరవాత ఎవరు ముందు పలకరించాలో తెలీక అలాగే ఉండిపోయారు. మాట్లాడకపోవడం అలవాటైపోతే, మాట్లాడ్డానికి ఏదో ఒక కారణం కావలసి వస్తుంది.

"ఆవిడ ఏమంది?" అని మైకును అడిగింది చిన్నావిడ.

"'నాదేముంది, ఆవిడ ఒప్పుకుంటే సరే' అన్నారండీ."

"ఒప్పుకుంటే అందా? అంటే నేను ఒప్పుకోననా?"

"అలా కాదనుకుంటానండీ..."

"నువ్వు అనుకోకు. వెళ్ళి చెప్పు. నేను ఎప్పుడూ దేనికీ అడ్డం రాలేదని చెప్పు."

మైకు వెళ్ళాడు, వచ్చాడు. "'అడ్డం వచ్చారని ఎవరన్నారు?' అంటున్నారండీ."

"అంటే ఎవరో ఒకరు అన్నారనేగా!"

ఇలా ఆ పూటంతా ఆ గుమ్మానికీ ఈ గుమ్మానికీ తిరిగి తిరిగి, సాయంత్రానికి మైకు గొంతు బొంగురుపోయింది. "నా వల్ల కాదు తల్లీ. పక్కింటికి ఇంతదూరం ఉంటుందని నాకు తెలీదు" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. రంగులమ్మాయి రాలిన ముక్కల్ని దూది పరిచిన పెట్టెలో సర్దుకుని, "త్వరగా చెప్పండి, వానలు ముదిరితే తోక మొత్తం దిగిపోతుంది" అని బ్యాంకు మేడకు వెళ్ళిపోయింది.

శనివారం వచ్చింది. పక్క కిటికీలోంచి జనం అలికిడి మొదలుకాగానే చిన్నావిడ మిషను ఆపింది. అసలు ఆవిడ అంతసేపు ఏం చెబుతుందో వినాలి. విని, ఆ తరవాత సంగతి తేల్చుకోవాలి. తలమీదుగా గుడ్డ కప్పుకుని, చుట్టూ తిరిగి వీధిలోకి వెళ్ళి, తలకాయ ఇంటి గుమ్మం ముందు మూగిన జనంలో ఆఖరున నిలబడింది.

"మీదే ఊరండీ?" అంది పక్కనున్నామె.

"ఇక్కడికి దగ్గరే" అంది చిన్నావిడ.

గుమ్మం దాటింది. గడప అరిగిన చోటు అరికాలికి ముందే తెలుసు. లోపల అంతా తన ఇంటిలాగే ఉంది, అద్దంలో చూసినట్టు ఎడమది కుడికి మారి ఉంది. పెద్దావిడ ఎత్తు పీట మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు పాడయ్యాయని విన్నది నిజమే. చేతిలో పొడుగాటి కర్ర. దానితో బొమ్మను ఎక్కడా తాకకుండా, బెత్తెడు దూరంలో ఆపి చూపిస్తోంది.

"గుర్రం కళ్ళు చూడండి. ఇల్లు దగ్గరపడిందని దానికి తెలిసిపోయింది. మనిషికన్నా ముందు దానికే తెలుస్తుంది. ఈ దీపం పట్టుకున్నవాడు చూడండి, చెయ్యెత్తి ఎత్తి భుజం లాగేస్తోంది. రెండో చేత్తో మోచెయ్యి ఎత్తిపట్టుకున్నాడు."

ఉపన్యాసమేమీ కాదు. ఇంట్లో మనుషుల గురించి చెప్పినట్టు చెబుతోంది. జనం నవ్వారు, వంగి చూశారు. చిన్నావిడ కూడా తనకు తెలీకుండానే మునివేళ్ళ మీద లేచి చూసింది.

"ఇక నేను చెప్పేది జాగ్రత్తగా వినండి" అంది పెద్దావిడ కర్ర ఒళ్ళో పెట్టుకుని. "ఇది చూసి అయిపోయిందనుకోకండి. అసలు పనితనమంతా పక్కింట్లో ఉంది. తోకలో ఒక్కొక్క వెంట్రుకా విడిగా కనబడుతుంది. బండ్ల దగ్గర ఒక కూలీ ముల్లు తీసుకుంటుంటాడు. వాడి నాలిక కొస చూడకుండా ఊరు వదలకండి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో వాణ్ణి చూస్తూ ఇల్లు ఊడవడం మర్చిపోయేదాన్ని. అక్కడ మా చెల్లి ఉంటుంది. మిషను కుడుతుంటుంది, పలకరించండి. ఏమయ్యా, వినబడుతోందా? అక్కడ కాసేపు ఆగనివ్వమని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆఖరిల్లు కదండీ" అని నసిగాడు మైకు. "అందరూ కాళ్ళు నొప్పులంటారు."

"కాళ్ళు నొప్పులైతే ముందు అక్కడికే తీసుకెళ్ళు. నా దగ్గరికి తరవాత తీసుకురా."

చిన్నావిడ మునివేళ్ళ మీంచి దిగింది. దిగేటప్పుడు తల మీది గుడ్డ జారింది. మెడలో కొలతల టేపు తియ్యడం మర్చిపోయినట్టుంది, అది పసుప్పచ్చగా వేలాడుతోంది.

పెద్దావిడ ముందు టేపును చూసింది. తరవాత మొహం చూసింది. కర్ర తీసి పట్టుకుంది.

"వెనకున్నావిడకి కనబడుతోందా?" అంది. "ముందుకు రండి. దారివ్వండి ఆవిడకి."

జనం పక్కకు జరిగారు. చిన్నావిడ ముందుకొచ్చి నిలబడింది.

"కనబడుతోందండీ."

"ఏమన్నా అడగాలా?"

"ఆ గోడ... తీసెయ్యొచ్చా అండీ?"

"తియ్యమనే కదా చెప్పి పంపాను!"

"'ఆవిడ ఒప్పుకుంటే' అన్నారట."

"'చెల్లి ఒప్పుకుంటే' అన్నాను."

ఇద్దరూ ఒకేసారి మైకు వైపు తిరిగారు. అంత గొంతున్నవాడు జనం వెనక్కి జరిగాడు. "మర్యాదగా ఉంటుందని... ఆవిడ అని మార్చానండీ" అన్నాడు, పక్కవాడికి కూడా వినిపించనంత మెల్లగా.

జనం వెళ్ళాక పెద్దావిడ టీ పెట్టడానికి లేవబోయింది. చిన్నావిడ ఆపి తనే వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాలు ఎక్కడుంటాయో అడగలేదు. అవి ఉండేచోటే ఉన్నాయి.

"నీ మిషను చప్పుడు నాకు వినబడదు. ఆ గోడ వినబడనివ్వదు. కానీ నేల అదురుతుంది. అది ఆగితే నాకు తెలిసేది. ఆగి చాలాసేపైతే ఏమైందోనని ఇక్కడ కూర్చుని భయపడేదాన్ని" అంది పెద్దావిడ.

"వచ్చి తలుపు కొట్టచ్చుగా అక్కా?"

"మళ్ళీ అదిరేది. ఇంకెందుకులే అనుకునేదాన్ని."

చిన్నావిడ టీ వడబోస్తూ అలాగే నిలబడిపోయింది. గ్లాసు నిండి పొర్లాక గాని చూసుకోలేదు.

గోడ కూల్చడానికి పలుగు పనికిరాదంది రంగులమ్మాయి. బొమ్మకు రెండు పక్కలా దుప్పట్లు కట్టించి, పై వరస నుంచి ఒక్కో ఇటుకా చేత్తో వదులుచేసి తీయించింది. మేస్త్రి విసుక్కున్నాడు. "కట్టడానిక్కూడా ఇంత ఓపిక పట్టి ఉండదమ్మా" అన్నాడు. వీధిలో పనీపాటా ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ గుమ్మాల్లో మూగారు. ఎండా పొగా తగలని చోటు గనక రంగు నిన్న వేసినట్టు ఉంటుందనీ, గుర్రం మీద పెద్దమనిషి తళతళలాడుతూ బయటికొస్తాడనీ మైకు అందరికీ ముందే చెప్పేశాడు.

ఆఖరి ఇటుకలు తీశారు. రంగులమ్మాయి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపింది. దులిపి, వెనక్కి జరిగింది.

పెద్దమనిషి లేడు. అడ్డుగోడ పట్టు చిక్కడానికని, అప్పట్లో కట్టినవాళ్ళు బొమ్మ మీద పై నుంచి కింది దాకా ఉలితో గాట్లు కొట్టేశారు. గచ్చు మొత్తం లేచిపోయి ఉంది. అక్కడక్కడా సిమెంటు ముద్దలు. గుర్రం తల ఇటు, తోక అటు, మధ్యలో చితికిన తెల్లటి పట్టీ. గుమ్మాల్లో జనం ఒక్కొక్కరే తప్పుకున్నారు. మేస్త్రి తలగుడ్డ తీసి దులుపుకున్నాడు, అది తన పాపం కాకపోయినా.

"ఆయన్ని మళ్ళీ గియ్యలేవా?" అంది చిన్నావిడ.

"చూడనిది నేను గియ్యకూడదండీ. అక్కడ ఉత్త సున్నం పూస్తాను. పోయిందని తెలియాలి కదా" అంది రంగులమ్మాయి. ఓదార్పుకే కాబోలు, "మీరిద్దరూ చూశారుగా. ఎలా ఉండేవాడు?" అంది.

"తెల్లమీసం" అంది పెద్దావిడ.

"ముందుకు వంగి ఉండేవాడు. ఒక చేతిలో కళ్ళెం" అంది చిన్నావిడ.

"రెండో చేత్తో..." అన్నారిద్దరూ.

"పిల్లని పట్టుకున్నాడు."

"సంచిని పట్టుకున్నాడు."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సంచేమిటక్కా? పిల్ల! ఆయన ముందు కూర్చుని ఉంటుంది."

"వర్తకుడు అంతదూరం వెళ్ళి పిల్లని తెచ్చుకుంటాడా? డబ్బు సంచి. నిండుగా, గుండ్రంగా ఉండేది."

"ఆ గుండ్రంగా ఉన్నది పిల్ల తలకాయ!"

"సంచికి మూతి కట్టిన తాడు నా కళ్ళతో చూశాను."

"అది తాడు కాదు, జడ!"

రంగులమ్మాయి మొదట నవ్వింది. తరవాత ఎవరికి నచ్చచెప్పాలో తెలీక కుంచెలు కడుక్కోవడానికి వెళ్ళింది. వచ్చేసరికి గొంతులు పెరిగాయి. ఇంటికి కోడళ్ళుగా వచ్చింది మొదలు ఆ ఇద్దరూ గొంతెత్తి దెబ్బలాడుకోవడం అదే మొదటిసారి. పెద్దావిడ కర్రతో నేల మీద కొడుతూ మాట్లాడుతోంది. చిన్నావిడ చేతిలో సుద్దముక్క విరిగిపోయింది. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

రంగులమ్మాయి పని కొన్నాళ్ళు సాగింది. ఊడిన తోక ముక్కల్ని ఉన్నచోట అతికించింది. గుర్రం మెడ దగ్గర సూదితో సున్నం ఎక్కించి, దూది ఒత్తి పట్టుకుని, అది బిగిసేదాకా కదలకుండా కూర్చునేది. నడుమ పట్టీకి లేత సున్నం పూసి వెళ్ళిపోయింది. హాలు ఒకటైంది. పెద్దావిడ పీటా చిన్నావిడ మిషనూ ఎక్కడివక్కడే ఉన్నాయి, మధ్యలో ఖాళీ ఉంది. ఆ ఖాళీలో జనం నిలబడేవాళ్ళు.

ఇప్పుడు వాళ్ళను కదిలించడం మైకు తరం కావడం లేదు. సంచీ పిల్లా తగువు మొదలైందంటే చూసేవాళ్ళు కూడా రెండు జట్లవుతున్నారు. చంటిపిల్లలున్న తల్లులు పిల్ల అంటున్నారు. "అంతంత మేడలు కట్టినవాళ్ళు, సంచే అయ్యుంటుంది" అని మగవాళ్ళు. ముల్లు తీసుకుంటున్న కూలీ దగ్గర వంగి, నాలిక కొస చూసి, తమ నాలిక కూడా అలాగే బిగబట్టుకుంటున్నారు. బస్సువాడు హారన్ కొట్టీ కొట్టీ లోపలికి వచ్చి, తనూ ఒక జట్టులో చేరిపోయాడు. తలకాయా వెనక్కాళ్ళూ ఒకటైన ఆ ఇంటిని ఏమనాలో తెలీక పోస్టుమ్యాను గుమ్మంలో నిలబడి "ఏవండోయ్" అని ఊరుకుంటున్నాడు.

ఒక శనివారం బడికి యూనిఫారాలు అందించి రావడంలో చిన్నావిడకు ఆలస్యమైంది. వీధిలోంచే తెలిసింది లోపల జనం ఉన్నారని. పెద్దావిడ గొంతు వినిపిస్తోంది. ఎప్పటిలా తగువు గొంతు కాదు, మెల్లగా ఉంది.

"...పిల్ల నిద్రపోతోంది. తల ఆయన గుండెకి ఆనించి ఉంది. ఆ పొడుగు ప్రయాణంలో ఎక్కడో పడిపోకుండా, చెయ్యి చుట్టూ వేసి పట్టుకున్నాడు. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు. దారిలో జారిపోయి ఉంటుంది. ఆ ఉత్త కాలు గుర్రం డొక్క మీద వేలాడుతుండేది. నేను రోజూ గోడ దులిపేటప్పుడు అక్కడికొచ్చేసరికి చెయ్యి తేలిక చేసేదాన్ని. లేస్తుందేమోనని."

చిన్నావిడ గుమ్మం ఇవతలే ఆగిపోయింది. చెప్పు సంగతి తను ఎవరితోనూ అనలేదు. తనకే గుర్తులేదు. ఇప్పుడు, ఆ మాట వినగానే, చిన్న కాలు, బొటనవేలు కాస్త పైకి లేచి, ఎక్కడో లోపల కదిలింది.

తరవాత నాలుగడుగులు వెనక్కి వేసి, చెప్పులు గట్టిగా ఈడ్చుకుంటూ వచ్చి, గుమ్మంలో ఖాళీ సంచి దబ్బున కింద పడేసి, గొంతు సవరించుకుంది.

లోపల కర్ర టక్కుమంది.

"సంచేనండీ!" అంది పెద్దావిడ గట్టిగా. "డబ్బు సంచి. మా చెల్లి పిల్ల అంటుంది గాని, ఆవిడకి చత్వారం."

"అదేమిటండీ, ఇప్పుడేగా మీరు..." అనబోయింది ముందు వరసలో ఒకామె. పెద్దావిడ ఆమె వైపు కర్ర ఎత్తింది. ఆమె నోరు మూసుకుంది.

చిన్నావిడ లోపలికి వచ్చి మిషను ముందు కూర్చుంది. దారం కొస తడిపి, కిటికీ వెలుగులోకి సూది ఎత్తిపట్టి, ఒక్కసారికే ఎక్కించింది.

"నాకా చత్వారం?" అంది. "అది పిల్లే అక్కా."